మా బియ్యం రూము: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి షట్టర్ ఎత్తగానే ప్రశ్నలు మొదలవుతాయి. తెలుగులో, కన్నడంలో, హిందీలో, అప్పుడప్పుడు బెంగాలీలో. సరుకుల కోసం వచ్చేవాళ్లు అడిగేవి కొన్ని, ఇవ్వడానికి వచ్చేవాళ్లు అడిగేవి ఇంకొన్ని. ఫోన్ చేసేవాళ్లలో బెంగళూరు తెలుగువాళ్లే ఎక్కువ కాబట్టి ముందు తెలుగులో రాసిపెడుతున్నాం. కన్నడంలో గోడ మీద రాసి ఉంది, ఇంత పొడుగు కాదు.

అసలు ఇది ఏమిటి? ట్రస్టా, ఎన్జీవోనా, గుడి వాళ్లదా?

బెంగళూరులో కె.ఆర్.పురం నుంచి మహదేవపుర వైపు వచ్చే ఒక సందులో, చిన్న కిరాణా కొట్టంత గది. బియ్యం, కందిపప్పు, నూనె, రాగిపిండి, ఉప్పు, చింతపండు, టీపొడి, సబ్బులు ఉంటాయి. ఇంట్లో సరుకులు నిండుకున్నవాళ్లు వచ్చి కావలసినవి తీసుకెళ్తారు. డబ్బు కట్టక్కర్లేదు. నడిపేవాళ్లందరం వాలంటీర్లం, జీతం ఎవరికీ లేదు. గది అద్దె, నెలనెలా కొనే బియ్యం ఖర్చు దగ్గర్లోని ఒక సర్వీస్ క్లబ్ (రోటరీ, లయన్స్ లాంటి సేవా సంఘం) చూసుకుంటుంది. ఏ గుడికీ, చర్చికీ, పార్టీకీ సంబంధం లేదు.

ఇంగ్లీషులో ఇలాంటివాటిని ఫుడ్ పాంట్రీ అంటారట. మొదట్లో ఆ పేరే పెడదామనుకున్నాం. మొదటి నెలలోనే ఒక అనంతపురం అక్క ఫోన్లో వాళ్లాయనకు "బియ్యం రూము దగ్గర ఉన్నా" అని చెప్పింది. ఆ పేరే నిలిచిపోయింది.

ఫుడ్ బ్యాంక్ అన్నా ఇదే కదా?

దగ్గర దగ్గరగా అదే. ఫుడ్ బ్యాంక్ గోడౌన్ లాంటిది, పెద్ద ఎత్తున సేకరించి దాచి చిన్న సంస్థలకు పంపుతుంది. పాంట్రీ ఇళ్లవాళ్లకు నేరుగా ఇచ్చే చోటు. ఫుడ్ బ్యాంక్ పద్ధతి 1967లో అమెరికాలోని ఫీనిక్స్‌లో జాన్ వాన్ హెంగెల్ అనే ఆయన మొదలుపెట్టాడు. మనది అంత పెద్ద వ్యవహారం కాదు, మా గోడౌన్ అంటే మెట్ల కింద చోటే.

వండిన అన్నం పెట్టొచ్చు కదా? అన్నదానం అంటే అదే కదా?

ఈ ప్రశ్న పెద్దవాళ్లు ఎక్కువగా అడుగుతారు. గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మగారు వేళకాని వేళ తలుపు తట్టినవాళ్లకు కూడా వండి పెట్టారని చిన్నప్పటి నుంచి విన్నవాళ్లం. బెంగళూరు పక్కనే తుమకూరులో సిద్ధగంగ మఠం దాసోహం (ఉచిత భోజనం) ఉంది. వండి వడ్డించడం గొప్ప పని, కాదనం. మా దగ్గర అందుకు మనుషులూ లేరు, పొయ్యీ లేదు. పైగా బెంగళూరులో ఆ పూటకు ఆకలి తీర్చుకోవాలంటే ఇందిరా క్యాంటీన్లు ఉన్నాయి. 2017లో మొదలయ్యాయి. టిఫిన్ 5 రూపాయలు, భోజనం 10 రూపాయలు.

మా దగ్గరికి వచ్చేవాళ్ల ఇబ్బంది వేరు. పని ఉంది, ఇల్లు ఉంది, పొయ్యి ఉంది. మేస్త్రీ ఈ వారం డబ్బులివ్వలేదు, లేదా పిల్లాడికి జ్వరమొచ్చి చేతిలో ఉన్నదంతా ఆస్పత్రికి పోయింది. అలాంటి ఇంటివాళ్లను నలుగురు పిల్లలతో క్యూలో నిలబెట్టి ప్లేటు చేతికిస్తే ఆ పూట కడుపు నిండుతుంది. అదే పది కేజీల బియ్యం, రెండు కేజీల పప్పు ఇస్తే వాళ్లింట్లో వాళ్లు, వాళ్లకు నచ్చిన కారంతో, వాళ్ల వేళకు వండుకుంటారు. పక్కింటివాళ్లకు విషయం తెలియాల్సిన పని కూడా లేదు.

ఎవరు రావచ్చు? ఆధార్, రేషన్ కార్డు చూపించాలా?

ఎవరైనా రావచ్చు. ఏ కార్డూ అడగం.

మూడు విషయాలు రాసుకుంటాం: పిలవడానికి ఒక పేరు, ఇంట్లో తినేవాళ్లు ఎంతమంది, ఏ ఏరియా. పేరు అసలుదే అయి ఉండాలని లేదు. తినేవాళ్ల లెక్క ఎందుకంటే సరుకు దానిని బట్టి ఇస్తాం. ఏరియా ఎందుకంటే రెండో కౌంటర్ ఎటువైపు పెట్టాలో రేపు తేల్చుకోవడానికి. అంతే.

మన ఇళ్లలో బియ్యం అయిపోయాయని అనరు, నిండుకున్నాయి అంటారు. ఇంటి ఆడమనిషి ఆ "లేవు" అన్న మాటను నోటితో పలకదు. అలాంటిది ముక్కూమొహం తెలియని మనిషి ముందు నిలబడి, "మా ఆయన తాగుతాడు, అద్దె బాకీ ఉంది, అందుకే వచ్చాను" అని కథంతా చెప్పించుకోవడం మాకు ఇష్టం లేదు. కొత్త వాలంటీర్లకు మొదటి రోజే చెప్పేది ఇదే: "ఎందుకు" అని అడగొద్దు, "ఏం కావాలి" అని అడగండి.

కారులో వచ్చేవాళ్లకూ ఇస్తారా?

ఇచ్చాం. ఆ కారు క్యాబ్. ఈఎంఐ రెండు నెలలు కట్టలేదట. ఇంకో వారంలో కారు కూడా ఉండదేమో అని ఆయనే చెప్పాడు, మేం అడగలేదు.

మరి మోసం చేసేవాళ్లు ఉండరా?

ఉంటారు. నెలకు ఒకరిద్దరు రెండు పేర్లతో వస్తుంటారని మాకూ తెలుసు. పోయేది ఓ ఐదు కేజీల బియ్యం. వాళ్లను పట్టుకోవడానికి మిగతా అందరినీ అనుమానంగా చూడటం మాకు గిట్టుబాటు కాదు.

ఎంత ఇస్తారు? ఎన్నాళ్లకోసారి రావచ్చు?

నెలకు రెండుసార్లు. నలుగురున్న ఇంటికి ఒక విడతకు 10 కేజీల బియ్యం (లేదా అందులో కొంత రాగులో, గోధుమపిండో), 2 కేజీల పప్పు, ఒక లీటరు నూనె, మిగతావి చిల్లర సరుకులు. ఒంటరిగా ఉండే కుర్రాళ్లకు దాంట్లో మూడో వంతు. స్టాక్ తక్కువున్న వారం పప్పు తగ్గుతుంది. తగ్గినప్పుడు అందరికీ తగ్గుతుంది.

అన్నీ కలిపి కిట్ కట్టి పెడితే పని తొందరగా అయిపోతుంది కదా?

అవుతుంది. మేమూ మొదట అలాగే చేశాం. 2020 లాక్‌డౌన్‌లో అందరిలాగే కిట్లు కట్టి వలస కూలీల షెడ్ల దగ్గరికి తీసుకెళ్లాం. అప్పుడు ఒక షెడ్డు ముందు చూసిన దృశ్యం ఇంకా గుర్తుంది. రాయచూరు నుంచి వచ్చిన కుటుంబం గోధుమపిండి ప్యాకెట్ పట్టుకుని నిలబడింది, రొట్టె అంటే వాళ్లకు జొన్నరొట్టే. ఎదురు షెడ్డులో బీహార్ కుర్రాళ్ల చేతిలో చింతపండు, సాంబారు పొడి. ఇద్దరూ ఒకరి సంచిలోవి ఒకరికి మార్చుకుంటున్నారు, మధ్యలో భాష లేకుండా. మా కిట్టు కంటే వాళ్ల సంతే బాగా నడిచింది.

అందుకని ఇప్పుడు రాక్‌ల మీద పెట్టేస్తాం, ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుంటారు. బియ్యం ఒక్కటే రెండు రకాలు ఉంచాలి: మనవాళ్లకు సోనా మసూరి, బెంగాల్ ఒడిశా వాళ్లకు ఉప్పుడు బియ్యం. ఉప్పుడు బియ్యం మనవాళ్లకు ఇస్తే మొహమాటానికి తీసుకుంటారు, తినరు. మదనపల్లి, హిందూపురం వైపు వాళ్లు రాగిపిండి రెండు ప్యాకెట్లు అడుగుతారు. ఆవనూనె కోసం అడిగేవాళ్లు పెరిగారు, దానికి ఇంకా దాత దొరకలేదు. షుగర్ ఉన్న పెద్దవాళ్లు బియ్యం తగ్గించి పప్పు ఎక్కువ తీసుకుంటారు.

కిట్లప్పుడు మిగిలిపోయేవి, మార్చుకునేవి, పక్క కొట్లో సగం ధరకు అమ్మేసేవి. ఇప్పుడు ఆ బాధ చాలావరకు పోయింది. చేతికి అందినవన్నీ తీసుకుపోతారేమో అని మాకు భయం ఉండేది. ఎక్కువమంది మేం ఇద్దామనుకున్నదానికంటే తక్కువే తీసుకుంటారు.

బియ్యం ఉన్నాయి, వండుకోవడానికి గ్యాస్ లేదు. ఏం చేయాలి?

ఇది అడగడానికి చాలామంది సిగ్గుపడతారు, మేమే ముందు అడిగితే బయటికి వస్తుంది. అద్దె ఇంటి కాగితాలు లేనివాళ్లకు మామూలు కనెక్షన్ దొరకడం కష్టం. 5 కేజీల చిన్న సిలిండర్ వేరు. ఇండేన్ వాళ్లది "ఛోటూ" అనే పేరుతో వస్తుంది. దానికి అడ్రస్ ప్రూఫ్ అక్కర్లేదు, గుర్తింపు కార్డు ఒకటి ఉంటే చాలు. సబ్సిడీ ఉండదు కాబట్టి కేజీ లెక్కన చూస్తే పెద్ద సిలిండర్ కంటే ఖరీదే. అయినా సందు చివర చిన్న స్టవ్‌లలోకి దొంగచాటుగా గ్యాస్ నింపేవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకండి. మొదటిసారి సిలిండర్ తీసుకోవడానికి పెట్టుబడి లేనివాళ్లకు క్లబ్ వాళ్లు కొంత సాయం చేస్తున్నారు. వచ్చి మాట్లాడండి.

మా రేషన్ కార్డు ఊళ్లో ఉంది. ఇక్కడ బియ్యం ఇస్తారా?

మా రూములో అయితే కార్డుతో పని లేదని పైన చెప్పాం. కానీ ఇక్కడి రేషన్ షాపులో మీకు రావలసింది మీరు వదులుకుంటున్నారేమో చూసుకోండి. మేం ఇచ్చే పది కేజీల కంటే అది నికరమైనది, ప్రతి నెలా వచ్చేది.

2013 నాటి ఆహార భద్రతా చట్టం కింద ఉన్న కార్డులకు మనిషికి నెలకు 5 కేజీల ధాన్యం వస్తుంది, అంత్యోదయ కార్డయితే (అతి పేదలకిచ్చేది) ఇంటికి 35 కేజీలు. 2023 జనవరి నుంచి అది ఉచితం. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పథకం వచ్చాక ఆ ధాన్యాన్ని దేశంలో ఏ రేషన్ షాపులోనైనా తీసుకోవచ్చు. ఆంధ్రా కార్డుతో, తెలంగాణ కార్డుతో కె.ఆర్.పురంలో కూడా.

ఎక్కడ చిక్కు వస్తుందో మేం చూసినంతవరకు చెప్తాం. మొదటిది, అన్ని కార్డులూ ఆ చట్టం కింద లేవు. రాష్ట్రం తన సొంత ఖర్చుతో ఇచ్చిన కార్డులు కొన్ని ఉంటాయి, అవి సరిహద్దు దాటితే పనిచేయవు. రెండోది, కార్డులో పేరున్నవాళ్ల ఆధార్ అనుసంధానమై, ఈ-కేవైసీ (ఆధార్‌తో గుర్తింపు నిర్ధారణ) పూర్తయి ఉండాలి. తాపీ పని చేసేవాళ్ల వేళ్లు సిమెంటుకు అరిగిపోయి వేలిముద్రలు మిషన్ మీద పడవు. ఒక అన్న మూడుసార్లు తిరిగి నాలుగోసారి భార్యను తీసుకెళ్తే ఆమె వేలికి ఒక్క దెబ్బకు పడింది. మూడోది, ఇక్కడ కేంద్రం వాటా మాత్రమే ఇస్తారు, రాష్ట్రం కలిపి ఇచ్చేది ఇవ్వరు. "కర్ణాటకవాళ్లకు ఎక్కువ ఇచ్చి నాకు తక్కువ ఇచ్చాడు" అని షాపువాడితో గొడవ పడకండి, వాడి తప్పు కాదు.

చాలామందికి తెలియని మంచి విషయం ఒకటుంది. కుటుంబం సగం ఊళ్లో, సగం ఇక్కడ ఉంటే వాటా కూడా పంచుకోవచ్చు. మీరిద్దరూ ఇక్కడ మీ పది కేజీలు తీసుకుంటే, ఊళ్లో అమ్మానాన్నలు వాళ్లది అక్కడ తీసుకోవచ్చు. అమ్మకు అక్కడ ఆగిపోతుందేమోనని భయపడి ఇక్కడ తీసుకోనివాళ్లను చాలామందిని చూశాం. మేరా రేషన్ యాప్‌లో మీ కార్డు వివరాలు కనిపిస్తాయి. ఫోన్ చూడటం ఇబ్బందైతే ఆదివారం కార్డు నంబరు పట్టుకుని రండి, కాలేజీ పిల్లలు చూసిపెడతారు.

సరుకులు ఇవ్వాలనుకుంటున్నాం. ఏమేం ఇవ్వొచ్చు?

మీ ఇంటికి మీరు కొనుక్కునేవే. అంతకంటే మంచి నియమం మాకు దొరకలేదు. సీల్ తీయని ప్యాకెట్లు, గడువుకు కనీసం రెండు నెలలు ఉన్నవి. కందిపప్పు, నూనె ఎప్పుడూ తక్కువ పడతాయి. ఉప్పు, పసుపు, ఎండుమిర్చి, పోపు సామాను, టీపొడి ఎవరికీ గుర్తురావు. శానిటరీ ప్యాడ్లు, బట్టల సబ్బు కూడా తీసుకుంటాం. బియ్యం దాదాపు అందరూ ఇస్తారు. వద్దనం, కానీ మీకు ఎంచుకునే వీలుంటే పప్పు ఇవ్వండి.

వద్దనేవి కాస్త వివరంగా:

సీల్ తీసిన మసాలాలు, సగం వాడిన నూనె సీసాలు, విడి నూనె వద్దు. కల్తీ పట్టుకోవడానికి మా దగ్గర ఏ పరికరమూ లేదు.

తేదీ దాటినవి వద్దు. ఇక్కడ ఒక వివరం ఉంది. ప్యాకెట్ మీద "ఎక్స్‌పైరీ" లేదా "యూజ్ బై" అని ఉంటే ఆ తేదీ తర్వాత అది తినకూడనిది. "బెస్ట్ బిఫోర్" అంటే ఆ తేదీ దాకా రుచీ నాణ్యతా తగ్గవని. ఆ మర్నాడే విషమైపోదు. మీ ఇంట్లో మీరు ఆ తేడా చూసి వాడుకోవచ్చు. ఇంకొకరికి ఇచ్చేటప్పుడు మాత్రం రెండింటినీ ఒకేలా చూస్తాం. దీపావళికి బీరువాలు సర్దేవాళ్ల దగ్గర నుంచి ప్రతి ఏటా మాకు గడువు తీరిన సూప్ ప్యాకెట్లు అట్టపెట్టెల కొద్దీ వస్తాయి. అవి పారేయడానికి మళ్లీ మేమే ఆటో మాట్లాడుకోవాలి.

పసిపిల్లల డబ్బా పాలు అసలు తీసుకోం. మంచి మనసుతోనే తెస్తారు. కానీ 1992 నాటి చట్టం ప్రకారం తల్లిపాలకు బదులు వాడే పాలపొడిని, పాలసీసాలను అనాథాశ్రమాలకు తప్ప ఎవరికీ ఉచితంగా పంచకూడదు. ఉచితంగా ఒక డబ్బా అలవాటు చేస్తే తల్లికి పాలు తగ్గిపోతాయి, తర్వాతి డబ్బా కొనే స్తోమత ఉండదు. నీళ్లు ఎక్కువ కలిపి బిడ్డకు తాగిస్తారు. బాలింతలకు పప్పు, బెల్లం, వేరుశనగలు ఎక్కువ ఇస్తాం. అంగన్‌వాడీలో పేరు రాయించుకోమని చెప్తాం.

పురుగు పట్టకుండా బోరిక్ పౌడర్ కలిపిన బియ్యం కూడా వద్దు. మన ఇళ్లలో ఇది బాగా అలవాటు, నాలుగుసార్లు కడిగేస్తాం కదా అంటారు. నీళ్లు కొనుక్కునే షెడ్డులో నాలుగుసార్లు ఎవరు కడుగుతారు? కందిపప్పుకు ఆముదం పట్టిస్తే ఇబ్బంది లేదు.

పెళ్లి భోజనం మిగిలింది, రాత్రి పదకొండింటికి వచ్చి తీసుకెళ్తారా?

లేదు. మేం తీసుకోం. వండిన పదార్థం వేడిగా ఉంచితే 60 డిగ్రీల పైన, చల్లగా ఉంచితే 5 డిగ్రీల లోపు ఉండాలి. మధ్యలో గంటల తరబడి ఉన్న అన్నంలో పెరిగే బ్యాక్టీరియా విషం మళ్లీ వేడి చేసినా పోదు. మిగిలిన ఆహారాన్ని సేకరించి పంచడానికి ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2019లో ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం పనిచేసే, బండ్లున్న సంస్థలు నగరంలో ఉన్నాయి. పెళ్లికి వారం ముందే వాళ్లతో మాట్లాడి పెట్టుకోండి. అక్షింతలు పడ్డాక గుర్తొస్తే ఆలస్యమే.

ఇన్ని బస్తాలకు పురుగు పట్టదా?

పట్టింది. దాని గురించి దాచడం ఎందుకు? ఒక వానాకాలం, నేనే బాధ్యుణ్ని, కొత్తగా వచ్చిన బస్తాలను పాతవాటి ముందు పేర్చాను. వెనకవి వెనకే ఉండిపోయాయి. నెలన్నర తర్వాత కదిపితే ముక్కపురుగులు గోడలెక్కుతున్నాయి. ఆరు బస్తాలు. ఇద్దరు అమ్మలు, పేర్లు రాయొద్దన్నారు, మూడు రోజులు డాబా మీద నీడలో ఆరబోసి, చాటలతో చెరిగి, జల్లెడ పట్టి నాలుగు బస్తాలు దక్కించారు. నాకు చెరగడం రాదని ఆ మూడు రోజులూ వాళ్లు నవ్వని గంట లేదు.

ఆ తర్వాత నుంచి ప్రతి బస్తా మీద వచ్చిన తేదీ మార్కర్‌తో రాస్తాం. పాతది ముందు, కొత్తది వెనక. నేలకు తగలకుండా చెక్క పలకలు, గోడకు జానెడు దూరం. వేపాకు ఎండబెట్టి వేస్తాం. విప్పిన బస్తా మూత బిగిసే డ్రమ్ములోకి పోతుంది.

గోడౌన్లలో వాడే బిళ్లలు వేయమని చాలామంది సలహా ఇచ్చారు. దయచేసి ఇళ్లలో, ఇలాంటి గదుల్లో ఎవరూ ఆ పని చేయకండి. ఆ అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు తేమ తగిలితే ఫాస్ఫీన్ వాయువు వదులుతాయి. దానికి విరుగుడు లేదు. పై అంతస్తులో మనుషులు పడుకుంటారు.

మా బాబు పుట్టినరోజు. వాడి చేతుల మీదుగా పంచిపెట్టి ఫొటోలు తీసుకోవచ్చా?

బాబును తీసుకురండి. ఫొటోలు వద్దు.

ఇది చదివి కొందరు నొచ్చుకుంటారని తెలుసు. నొచ్చుకుని ఇచ్చిన సరుకు వెనక్కి తీసుకెళ్లినవాళ్లూ ఉన్నారు. ఒకసారి ఒక బృందం ముప్పై సంచులు తెచ్చింది, సంచి మీద వాళ్ల బొమ్మ. వచ్చినవాళ్లను వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరూ సంచి ఒక చివర పట్టుకోవాలి, ఇచ్చేవాళ్లు ఇంకో చివర పట్టుకుని కెమెరా వైపు చూడాలి. వరసలో ఒకామె కొంగు మొహం మీదికి లాక్కుంది. "అమ్మా, కొంచెం కొంగు తీయండి" అన్నాడు ఫొటో తీసే అతను. ఆమె సంచి వదిలేసి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఆమె కూతురు మా పక్క వీధి స్కూల్లోనే చదువుతుందని తర్వాత తెలిసింది. ఆ ఫొటో ఏ వాట్సాప్ గ్రూపులో తిరుగుతుందో, ఎవరు చూస్తారో ఆమెకు మాకంటే బాగా తెలుసు.

ఫొటో కావాలంటే రాక్‌లు తీయండి, బస్తాలు తీయండి, బియ్యం తూస్తూ మీ బాబును తీయండి. వాడికి కాటా ముందు నిలబడి కేజీ ప్యాకెట్లు కట్టే పని ఇస్తాం. పిల్లలకు అది మహా ఇష్టం. కేకు మాత్రం ఇంట్లో కోసుకుని రండి, చీమలు పడతాయి.

సర్వీస్ క్లబ్ అంటే ఏమిటి? వాళ్లు ఏం చేస్తారు?

రోటరీ, లయన్స్ పేర్లు వినే ఉంటారు, మన తెలుగువాళ్లలో వాసవి క్లబ్బులు కూడా. రోటరీ 1905లో షికాగోలో పాల్ హారిస్ అనే లాయరు మొదలుపెట్టింది. సభ్యుల ఆఫీసుల్లో వంతులవారీగా కలుసుకునేవాళ్లు కాబట్టి ఆ పేరు. లయన్స్ 1917లో, అదీ షికాగో వ్యాపారి మెల్విన్ జోన్స్ చొరవతోనే. మనవాళ్లకు లయన్స్ అంటే కంటి శిబిరాలే గుర్తొస్తాయి. ఆకలి కూడా వాళ్లు ప్రపంచమంతటా పెట్టుకున్న పనుల్లో ఒకటి.

మాకు సాయం చేసే క్లబ్ పేరు ఇక్కడ రాయడం లేదు, బోర్డు పెట్టమని వాళ్లే అడగలేదు. మొదట్లో వాళ్లు కూడా పెద్ద శామియానా వేసి ఒక్కరోజు పంపిణీ చేద్దామన్నారు. మేం ఒక కాగితం ఇచ్చాం: గది అద్దె, కరెంటు బిల్లు, తూకం కాటా, ఇనుప రాక్‌లు, ఎలుకల జాలీ. ఫొటోకు పనికొచ్చేది అందులో ఒక్కటీ లేదు. వాళ్ల ట్రెజరర్, బ్యాంకులో చేసి రిటైరైన ఆయన, ఆ కాగితం చూసి "ఇవి లేకపోతే బియ్యం ఇచ్చి ఏం లాభం?" అన్నారు. అక్కడ మొదలైంది. సరుకులు ఎవరైనా ఇస్తారు. కరెంటు బిల్లు కట్టే దాత దొరకడం కష్టం.

డబ్బు కాక వాళ్లిచ్చేది ఇంకొకటి ఉంది, పరిచయాలు. యశ్వంతపుర ఏపీఎంసీ యార్డులో (వ్యవసాయ మార్కెట్‌లో) బియ్యం హోల్‌సేల్ ధరకు ఇప్పించింది ఒక సభ్యుడే. లెక్కలు ఏడాదికోసారి చూసేది ఇంకో సభ్యుడు, సీఏ. రెండు నెలలకోసారి బీపీ, షుగర్ చూసే డాక్టరమ్మ కూడా క్లబ్బు మనిషే.

చిక్కు లేదా అంటే ఉంది. రోటరీ, లయన్స్ క్లబ్బుల ఏడాది జూలై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. ప్రతి ఏటా ప్రెసిడెంటు మారతారు. కొత్తాయనకు కొత్త ఆలోచనలుంటాయి: ఒకరికి మొక్కలు, ఒకరికి స్కూలు బెంచీలు. మా అద్దె మాత్రం అదే ఇంటాయనకు అదే ఒకటో తారీకున కట్టాలి. అందుకని మే నెలలోనే రాబోయే ప్రెసిడెంటును పిలిచి, ఒక ఆదివారం మొత్తం బియ్యం తూయిస్తాం. ఇప్పటిదాకా పనిచేసింది. మీరు ఇలాంటిదేదైనా క్లబ్ సాయంతో పెట్టాలనుకుంటే ఒప్పందం రెండేళ్లకు రాయించుకోండి, కనీసం మూడు నెలల అద్దె పక్కన ఉంచుకోండి.

సాయం చేయాలంటే క్లబ్బులో చేరాలా?

అక్కర్లేదు.

డబ్బు ఇస్తే పన్ను మినహాయింపుకు 80జీ రశీదు వస్తుందా?

మాకు సొంతంగా ఆ గుర్తింపు లేదు. క్లబ్ తాలూకు ట్రస్టుకు ఉంది, రశీదు వాళ్లిస్తారు. మీ పాన్ నంబరు అడుగుతారు. నగదుగా 2,000 రూపాయలు దాటితే మినహాయింపు రాదు, ఆన్‌లైన్‌లో గానీ చెక్కు గానీ ఇవ్వండి. బియ్యం, పప్పు రూపంలో ఇచ్చినదానికి రాదు. మీరు కొత్త పన్ను విధానంలో ఉంటే ఎలా ఇచ్చినా రాదు. ఫిబ్రవరి, మార్చిలో ఫోన్లు ఈ ఒక్క ప్రశ్నతోనే నిండిపోతాయి కాబట్టి ఇంత వివరంగా రాశాం.

మా అమ్మాయి అమెరికాలో ఉంది. తను పంపొచ్చా?

ఆమె పాస్‌పోర్టు ఏ దేశానిది అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇంకా భారత పౌరురాలే అయితే, ఎన్నారై అయినా సరే, బ్యాంకు ద్వారా పంపొచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చేది) ఉన్నా సరే అది విదేశీ విరాళం కిందికి వస్తుంది. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ లేనివాళ్లు దాన్ని తీసుకోకూడదు. మాకు లేదు, ట్రస్టుకూ లేదు. ఒకాయన పాపం పెద్ద మొత్తమే పంపుతానన్నారు, వద్దనడానికి మాకు ప్రాణం ఒప్పలేదు. వద్దన్నాం. సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు ఆయన వచ్చి రెండు రోజులు బస్తాలు మోశారు.

వాలంటీరుగా రావాలంటే?

ఆదివారం ఎనిమిదిన్నరకు రండి. ఒకటింటికి అయిపోతుంది. మొదటి రెండు వారాలు తూకం, ప్యాకింగ్. మూడో వారం నుంచి కౌంటర్. కన్నడం కొంచెమైనా వస్తే మంచిది. రాకపోతే ఇక్కడే వస్తుంది. నెలకోసారి వచ్చినా ఫరవాలేదు, వస్తానని చెప్పిన రోజు రండి. నలుగురు వస్తామని ఇద్దరు వస్తే క్యూ ఎండలో నిలబడాలి. స్కూలు, కాలేజీ పిల్లలకు సర్టిఫికెట్ ఇస్తాం, చేసిన గంటలే రాస్తాం. "ఇరవై గంటలు రాసేయండి అంకుల్" అంటే రాయం.

మా అపార్ట్‌మెంట్‌లో కూడా ఒకటి పెట్టాలనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు మీ గేటు లోపలే అడగండి. సెక్యూరిటీ గార్డులు, హౌస్‌కీపింగ్ వాళ్లు, ఇళ్లలో పనిచేసే అక్కలు నెలలో ఏ వారం ఇబ్బంది పడతారో అడిగితే చెప్తారు. మా అనుభవంలో మూడో వారం చివర నుంచి జీతాలొచ్చేదాకా. పంపిణీ ఆ పది రోజుల్లో పెట్టండి. ఐదో తారీకున అట్టహాసంగా పంచితే ఎవరికీ అంత ఉపయోగం ఉండదు. ఒక రాక్, ఒక కాటా, ఒక రిజిస్టరు చాలు. గది క్లబ్‌హౌస్ లోపల వద్దు. లోపలికి రావాలంటే గేటు దగ్గర పేరు, ఫ్లాటు నంబరు రాయాల్సిన చోటికి ఎవరూ రారు.

ఆదివారం దాకా ఆగలేం. మధ్యలో షట్టర్ మూసి ఉంటే?

పక్కనే టైలరు కొట్టు ఉంది. రాత్రి తొమ్మిదింటి దాకా తెరిచే ఉంటుంది. ఆయన దగ్గర ఎప్పుడూ ఐదు సంచులు కట్టి ఉంచుతాం, ఒక్కోదాంట్లో మూడు రోజులకు సరిపడా బియ్యం, పప్పు, నూనె. "సంచి కావాలి" అనండి చాలు, ఇస్తాడు. కుట్టించుకోవడానికి ఇచ్చిన బట్టల సంచిలాగే ఉంటుంది, చూసినవాళ్లకు తేడా తెలియదు.